నల్ల మెట్ల దగ్గర మొదలుపెట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం. కిందటి ఆదివారం మీ అనుబంధంలో ఒక తల్లి ప్రశ్న చదివాను. "పద్నాలుగేళ్ళ మా అబ్బాయికి మన సంగీతం అలవాటు చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగిందావిడ. మీవాళ్ళు జవాబుగా విద్వాంసుల పేర్లు, కీర్తనల పేర్లు కలిపి కాలమ్ నిండా ఇచ్చారు. అందులో తీసెయ్యాల్సిన పేరు ఒక్కటీ లేదు. కానీ ఆ చీటీ పట్టుకుని పిల్లవాడు ఏం చేస్తాడు? వరసగా వింటూ టిక్కులు పెట్టుకుంటాడా? నాకు తెలిసిన ఒక పిల్లవాడు అలా చెయ్యలేదు. వాడి సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

ముందుగా నా గురించి రెండు ముక్కలు. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. గుడివాడలో నలభై ఏళ్ళకు పైగా రేడియోలు బాగుచేసినవాణ్ణి. వాల్వు సెట్ల నుంచి చైనా ఎఫ్.ఎం. డబ్బాల దాకా అన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. రిపేరయ్యాక లోపలి కాయిల్స్ సరిచూసి, ముల్లు తీసుకెళ్ళి 837 కిలోహెర్ట్జ్ మీద పెట్టేవాణ్ణి. అది విజయవాడ కేంద్రం. అక్కడ గొంతు శుభ్రంగా పలికితేనే పార్టీకి సెట్టు ఇచ్చేది. కొట్టు వెనకే ఇల్లు కాబట్టి పొద్దున్నే భక్తిరంజని వేళకే బల్ల ముందు కూర్చునేవాణ్ణి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వీళ్ళందరినీ నేను విన్నది టెస్టింగ్ పేరు మీదే. ఓలేటి గారి గొంతు వస్తుంటే బాగైపోయిన సెట్టును కూడా ఇంకో అరగంట "చూస్తూ" ఉండేవాణ్ణి.

ఇక పిల్లవాడు. మా అమ్మాయి కొడుకు, హైదరాబాదులో తొమ్మిదో తరగతి. ఎండాకాలం సెలవులకి మా దగ్గరికొచ్చాడు. వాడికి బీటు కావాలి, బేస్ అదరాలి. పాట ముప్పై సెకన్లు దాటితే వేలు దానంతటదే పైకి జరుపుతుంది. నేను పెద్దరికం చూపించబోయి మొదటి రోజే త్యాగరాజ పంచరత్నాలు పెట్టాను. నాట రాగంలోది అయింది, గౌళలోది అయింది, ఆరభిలో "సాధించెనే" సగంలోకి వచ్చేసరికి మనవడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మా ఆవిడ ఫ్యాను వేగం పెంచి, నా వంక ఒక చూపు చూసి వెళ్ళింది.

మర్నాడు అటక మీద నుంచి పాత క్యాసియో కీబోర్డు దింపాను. పదేళ్ళ కిందట ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు. దాని మీద మనవడికి నేర్పింది మాత్రం నా సొంత తెలివి కాదు. మా పక్క సందులో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఉండేవాడు. నేను ఆయన పెట్టెకు బెలోస్ (గాలి తిత్తి) అతికిస్తుంటే కబుర్లు చెబుతూ, "నల్ల మెట్లు ముట్టుకో, తెల్లవాటి జోలికి పోకు, ఏం నొక్కినా తప్పు పలకదు" అన్నాడొకసారి.

మెట్లంటే వేలితో నొక్కే కీలు. హార్మోనియం వాళ్ళ లెక్కలో తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు. నల్లవన్నీ అరలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. నాటకాల్లో "ఆయన నాలుగున్నరలో పాడతాడు" అంటారే, అది ఈ లెక్కే. నాలుగున్నరని 'స' అనుకుని నల్ల మెట్లే వరసగా పైకి నొక్కుకుంటూ పోండి. మోహన రాగం వస్తుంది. స రి గ ప ద. మధ్యమం ('మ') లేదు, నిషాదం ('ని') లేదు. మనవడు నాలుగుసార్లు అటూ ఇటూ నొక్కాడు. నేను ఫోనులో "లాహిరి లాహిరి లాహిరిలో" పెట్టాను. ఘంటసాల, లీల పాడింది. ఘంటసాల పుట్టిన చౌటపల్లి మాకు పక్కనే. సంగీతం కోసం విజయనగరం పోయి మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడని మా ఊళ్ళో పిల్లలందరికీ చెప్పే కథ ఒకటుంది, అదీ చెప్పాను. కానీ వాడు కథ వినడం లేదు. పాటతో పాటు మెట్లు వెతుక్కుంటున్నాడు. ఆ పాట ముప్పై సెకన్లు దాటినా వేలు జరగలేదు, ఖాళీగా లేదు కనుక!

అక్కడితో ఆగితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అసలు మజా తర్వాతే ఉంది. అవే ఐదు మెట్లు. మొదలుపెట్టే చోటు మార్చండి. ఒకటిన్నరని 'స' చేసుకుంటే శుద్ధ సావేరి. రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. ఐదున్నర నుంచి మధ్యమావతి. ఆరున్నర నుంచి హిందోళం. ఐదు మెట్లు, ఐదు పెద్ద రాగాలు. ఒక్క మెట్టు అదనంగా ముట్టుకోలేదు.

అయితే చెప్పగానే వాడు వాయించి, "అన్నీ ఒకలాగే ఉన్నాయి తాతయ్యా" అన్నాడు. నిజమే. నాకూ ఒకలాగే వినిపించాయి. కాసేపు తికమకపడ్డాక పెద్దాయన ఏం చేసేవాడో గుర్తొచ్చింది. ఆయన ఎడమచేతి వైపు ఒక మెట్టు ఎప్పుడూ పలుకుతూనే ఉండేది. శ్రుతి! అది లేకపోతే చెవి పాత 'స'నే పట్టుకుని వేలాడుతుంది, కొత్త రాగంలోకి రాదు. బల్ల మీద అరకిలో సీసం చుట్ట ఉంది, సోల్డరింగ్‌ది. దాన్ని కింది స్థాయిలో ఆరున్నర మీద పెట్టాం. ఆ మెట్టు గుయ్యిమని పలుకుతుంటే పైన అవే నల్ల మెట్లు నొక్కాడు. గది మారిపోయినట్టయింది. ఇందాకటి మోహన ఉల్లాసం పోయి, ఏదో రాత్రిపూట కాలవ గట్టు మీద కూర్చున్నట్టు. హిందోళంలో పంచమం ('ప') లేకపోవడం వల్లే ఆ బరువు వస్తుందని నా ఊహ. విద్వాంసులు దిద్దవచ్చు.

"ఇందులో త్యాగరాజుది 'సామజవరగమనా' ఉందిరా" అన్నాను. "అది అల్లు అర్జున్ పాట కదా" అన్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఆ మాట త్యాగరాజుదని, సామజమంటే ఏనుగని, ఏనుగులా హుందాగా నడిచేవాడా అని కృష్ణుణ్ణి పిలవటమని చెప్పి కీర్తన పెట్టాను. నలుగురు పాడింది ఒకటే కీర్తన, నాలుగుసార్లు. నలభై కీర్తనలు వినిపించేకంటే ఒకే కీర్తన నలుగురి నోట వినిపిస్తే తేడాలు పిల్లలే పట్టుకుంటారు. "ఈయన ఆ మాట దగ్గర తిప్పాడు, ఆమె తిప్పలేదు" అని వాడే చెప్పాడు. ఎంతో పాతది అని గౌరవంగా వినమంటే వినడు, పోల్చమంటే వింటాడు.

మిగిలిన మూడింటికీ తలా ఒక పాట పెట్టుకున్నాం. శుద్ధ సావేరికి త్యాగరాజుదే, "దారిని తెలుసుకొంటి". శుద్ధ ధన్యాసికి అన్నమయ్య "భావములోన", ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడింది. అన్నమయ్యది అని ఊరికే అనడం కాదు, అక్కడ ఒక ముక్క పిల్లలకు చెప్పాలి. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం వింటున్న వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివాళ్ళు కట్టినవి. "అంటే రీమిక్సా?" అన్నాడు మావాడు. కాదురా అని చెప్పబోయి, నాకు సరైన జవాబు దొరక్క ఊరుకున్నాను. మధ్యమావతికి "రామకథా సుధారస". కచేరీ చివర మధ్యమావతి పాడితే అందాకా దొర్లిన తప్పులు సర్దుకుంటాయని నమ్మకం. ఇది వాడికి బాగా నచ్చింది. వాళ్ళమ్మ ఫోను చేసి "హాలిడే హోంవర్కు ఎంతవరకూ వచ్చింది?" అన్నప్పుడల్లా పరుగెత్తి వెళ్ళి ఐదున్నర నొక్కేవాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కీబోర్డులో దొరికేది అస్థిపంజరమే. మెట్టుకీ మెట్టుకీ మధ్య మన సంగీతం జారుతుంది, ఊగుతుంది. అదే గమకం. మెట్లున్న పెట్టెకి అది చేతకాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియంని వెలేసి దశాబ్దాల పాటు లోపలికి రానివ్వకపోవడానికి ఒక కారణం ఇదే. (మా పెద్దాయన ఆ మాటెత్తితే చాలు, అతికించే బెలోస్ నా చేతిలోంచి లాక్కునేవాడు.) అందుకని మూడో రోజు మాండొలిన్ శ్రీనివాస్‌ని పెట్టాను. గిటారు పిచ్చి ఉన్న పిల్లలకి ఇంతకంటే మంచి దారి లేదు. మాండొలిన్‌కి మామూలుగా జంట తీగలు నాలుగు వరసలు. టింగుమని మోగి ఆగిపోతుంది. పాలకొల్లులో పుట్టిన ఈ అబ్బాయి ఒంటి తీగలు ఐదు వేసుకుని, కరెంటు పికప్ పెట్టుకున్నాడు. ఒంటి తీగ అయితే వేలితో లాగి ఊపడం సులువు. యాంప్లిఫయర్ ఉంటే మీటిన నాదం వెంటనే చచ్చిపోకుండా ఆ ఊపు పూర్తయ్యేదాకా నిలుస్తుంది. మెకానిక్‌గా నేను చెప్పగలిగింది ఇంతే, వాయింపు గురించి చెప్పడానికి నేనెవణ్ణి?

ఆయన మొదటి కచేరీ 1978లో మా గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లోనే. అప్పటికి తొమ్మిదేళ్ళు, అటూ ఇటూ. నేను వినలేదు. ఆ వారం మా మేనత్త ఊళ్ళో పెళ్ళిలో మైకులు సర్దుతున్నాను. ఇప్పుడు మా ఊళ్ళో ఎవర్ని కదిపినా ఆ రోజు ముందు వరసలో కూర్చున్నామంటారు. ఏటేటా ఆ ముందు వరస పొడుగవుతోంది. 2014లో నలభై అయిదేళ్ళకే ఆయన పోయినప్పుడు మాత్రం నేను కొట్టు తియ్యలేదు.

మీ పాఠకురాలికి చెప్పవలసింది ఇంకొకటుంది, ఇది నా రంగానిది. ఫోను స్పీకర్లో కచేరీ వినిపించకండి. మృదంగానికి ఎడమ వైపు రవ్వ ముద్ద అంటించి బరువైన నాదం రప్పిస్తారు. ఆ నాదం అర అంగుళం స్పీకర్లోంచి ఎలా వస్తుంది? రాదు. టకటకలే మిగులుతాయి. తంబురా మాయమైపోతుంది. "బీటు లేదు" అని పిల్లవాడంటే వాడి చెవిది తప్పు కాదు. నేను చెక్క డబ్బాలో ఎనిమిది అంగుళాల పాత స్పీకరు బిగించి ఇచ్చాను. అంత అక్కర్లేదు, మంచి ఇయర్‌ఫోన్లు చాలు. ఆ రోజు నుంచి వాడు తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం, వదిలిపెట్టలేదు. పెద్దవాళ్ళు కాఫీకి లేచే సమయంలో వాడు కూర్చునేవాడు. ఆదితాళం ఎనిమిది చేతి మీద లెక్కపెట్టడం నేర్పాను. వాడు తనంతట తనే అడిగాడు, "ఎనిమిదే ఎందుకు?" అని. అప్పుడు శ్యామశాస్త్రి "మరివేరే గతి" పెట్టాను. రాగం ఆనందభైరవి, తాళం మిశ్రచాపు. తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. ఆ రాత్రి కంచం మీద ఏడు కొడుతూ అన్నం తిన్నాడు. వాళ్ళ అమ్మమ్మ కసిరింది. ఎనిమిదైనా, ఏడైనా కంచం మీద కొడితే ఇంటికి మంచిది కాదట.

మీ జాబితాలో బుర్రకథ లేకపోవడం నాకు కష్టమనిపించింది. నాజర్ గారి రికార్డింగులు వినిపించండి. పొన్నెకల్లు నుంచి వచ్చి, కథకుడిగా పద్మశ్రీ దాకా వెళ్ళిన మనిషి. తంబుర, చేతికి అందెలు, పక్కన వంత పాడేవాళ్ళ గుమ్మెట డోళ్ళు. ర్యాప్ వినే పిల్లలకు అది పరాయిగా ఉండదు. షేక్ చినమౌలానా నాదస్వరం కూడా చెప్పాలి గానీ, దాన్ని గదిలో వినకూడదు. మేం డాబా మీద పెట్టుకున్నాం, పొద్దున్నే. కింద పాలవాడు గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరింట్లో పెళ్ళి అని అడిగాడు.

సెలవులైపోయాయి. వాడు కీబోర్డు పట్టుకుపోయాడు, సీసం చుట్ట ఇక్కడే ఉండిపోయింది. మొన్న రాత్రి ఫోను చేశాడు. తెల్ల మెట్ల మీద పడ్డాడట. ఒకటి నుంచి మొదలుపెడితే శంకరాభరణం, రెండు నుంచి ఖరహరప్రియ, మూడు నుంచి తోడి, నాలుగు కల్యాణి, ఐదు హరికాంభోజి, ఆరు నటభైరవి అని ఇంటర్నెట్‌లో చూసి, వాయించి సరిచూసుకున్నాడు. "ఏడు నుంచి మాత్రం ఏదో తేడాగా ఉంది తాతయ్యా, ఎంత వెతికినా 'ప' దొరకడం లేదు" అన్నాడు.

"దొరకదురా, అక్కడ లేదు" అన్నాను. "సీసం చుట్ట మర్చిపోయావు, కొరియర్‌లో పంపనా?"

"వద్దు, అట్టముక్క మడిచి మెట్ల సందులో ఇరికించాను. చుట్ట కంటే అదే గట్టిగా ఆగుతోంది" అన్నాడు.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
గుడివాడ.