నా గోడ గురించి మీలో సంతకం పెట్టేవారు ఎవరు?

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: విశాఖపట్నం మధురవాడలోని మా కొత్త ఇంట్లో మీ ఇంటీరియర్ డిజైన్ సంస్థ చేసిన పనిగది, ఆ తర్వాత మీ సంస్థ నాతో నడుచుకున్న తీరు.

అయ్యా,

ఈ లేఖ నేరుగా మీకే పంపుతున్నాను. మీ కాల్ సెంటర్‌కు, మీ యాప్‌కు, విశాఖ శాఖ మేనేజరుకు, ప్రాంతీయ కార్యాలయానికి చెప్పవలసినదంతా చెప్పాను, రాయవలసినదంతా రాశాను. వాళ్ళలో ఒక్కరు కూడా నా గదిలోకి అడుగుపెట్టి గోడను చూడలేదు. గోడ పాడైందన్న బాధ కొంత తగ్గింది. రంగు మళ్ళీ వేయించుకోవచ్చు. మీ మనుషులు నన్ను తిప్పిన తీరు మీద కోపం మాత్రం తగ్గడం లేదు, ఫోను చేసిన ప్రతిసారీ పెరుగుతోంది.

నేను రేడియాలజిస్టును. ఆసుపత్రుల నుంచి రాత్రిపూట వచ్చే సీటీ, ఎమ్మారై స్కాన్లను ఇంటి నుంచే చూసి రిపోర్టులు ఇస్తాను. చీకటి గది నాకు షోకు కాదు. మెదడు స్కాన్‌లో అప్పుడే మొదలైన రక్తస్రావమైనా, ఎక్స్‌రేలో పక్కటెముక మీది సన్నని పగులైనా బూడిద రంగు ఛాయల మధ్య చిన్న తేడాగానే కనిపిస్తుంది. గది వెలుతురు తెర మీద పడితే ఆ తేడా చెదిరిపోతుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మామూలు ఆఫీసులో 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. మాకు 25 నుంచి 50 మధ్య ఉంటే చాలు. అలాగని కటిక చీకటీ పనికిరాదు. చుట్టూ నలుపు, ఎదురుగా వెలిగే తెర ఉంటే గంటలోనే కళ్ళు లాగుతాయి. తెర వెనక గోడ మీద పలచని, వెచ్చని వెలుతురు ఉండాలి, అది కంటికి నేరుగా తగలకూడదు.

ఇందులో నా ఇష్టం కూడా ఉందని మీ డిజైనరుకు మొదటి రోజే చెప్పాను. ఇన్నేళ్ళూ ఆసుపత్రి నేలమాళిగలో, అద్దె ఇళ్ళ పడకగదుల్లో పనిచేశాను. సొంత ఇంట్లో నాదైన ఒక గది కావాలనుకున్నాను. అరకులోయలో సాయంత్రం పొద్దు దిగాక చెట్లకు వచ్చే ఆకుపచ్చ రంగు గోడలకు, అదే రంగు పైకప్పుకు, మెరుపు లేని మ్యాట్ ముగింపు, టేకు బల్ల, ఇత్తడి దీపం, వెనక పుస్తకాల అరలు. కొత్త ఇంట్లో ఇంత ముదురు రంగు ఏమిటని మా అమ్మ అభ్యంతరం చెప్పింది. ఆమెను కూర్చోబెట్టి వివరించాను. తెల్లటి గోడ తన మీద పడిన కాంతిలో 80 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది, ఈ ఆకుపచ్చ 10 శాతం కూడా పంపదు, నా కళ్ళకు కావలసింది అదే అన్నాను. ఆమె ఒప్పుకుంది. మీ సంస్థ మీద నమ్మకంతోనే ఒప్పుకుంది, ఎందుకంటే ఆమె వంటగది చేసింది మీరే.

మీరు అప్పగించిన గదిలో కిటికీ ఎదురు గోడ నిండా తెల్లటి ఉప్పు తేలింది. డ్రాయింగులో ఆకుపచ్చ అని ఉన్న పైకప్పును తెలుపుగానే వదిలేశారు, అది నా తెరలో ప్రతిబింబిస్తోంది. వెలుతురు తగ్గించగానే దీపాలు రెపరెపలాడుతున్నాయి. లోపాల సంగతి ఇంతే. మిగిలినదంతా మీ సంస్థ సంగతి.

రంగుల నమూనాలు ఎంచేటప్పుడు మీ డిజైనరు రాత్రి పదకొండు గంటలకు కూడా సందేశాలు పంపేవారు. చివరి వాయిదా చెల్లించాక ఆ నంబరు పలకలేదు. ఆమె వేరే శాఖకు మారారని మీ షోరూములో ఎవరో యథాలాపంగా చెప్పారు. ఆమె స్థానంలో నా పనిని ఎవరు చూస్తున్నారని అడిగితే కాల్ సెంటర్ నంబరు చేతిలో పెట్టారు.

మీ కాల్ సెంటర్‌కు ఎప్పుడైనా మీరు స్వయంగా ఫోను చేశారా? చేసి చూడండి. ఆర్డరు నంబరు చెప్పాలి, చిరునామా చెప్పాలి, సమస్య చెప్పాలి. అంతా విన్నాక ఇది పెయింటింగ్ విభాగానికి చెందుతుందని లైను మారుస్తారు. అక్కడ మళ్ళీ ఆర్డరు నంబరు, చిరునామా, సమస్య. ఉప్పు తేలడం ప్లాస్టరింగ్ లోపమని, ఇల్లు కట్టిన మేస్త్రీని అడగమని వాళ్ళు అంటారు. దీపాల సంగతి ఎత్తితే లైటింగ్ విభాగం వేరు అంటారు. వెలుతురు తగ్గించే డిమ్మరును ఎలక్ట్రీషియన్ తెచ్చాడని లైటింగ్ విభాగం అంటుంది. ఆ ఎలక్ట్రీషియన్ మీ మనిషే, డబ్బు మీ బిల్లులోనే కట్టాను. ఆ మాట అనేలోపు లైను తెగిపోతుంది. మళ్ళీ చేస్తే కొత్త గొంతు, మళ్ళీ ఆర్డరు నంబరు. రాత్రంతా స్కాన్లు చూసి, నిద్రపోవలసిన పూట ఫోను పట్టుకుని మీ సంగీతం వింటూ కూర్చున్నాను. ఆ గంటలు నాకు ఎవరు తిరిగి ఇస్తారు?

ఫొటోలు పంపమన్నారు, పంపాను. స్పష్టంగా లేవన్నారు. ముదురు గది కాబట్టి బయటి నుంచి దీపం తెచ్చి వెలిగించి మళ్ళీ తీసి పంపాను. అవి అందలేదన్నారు. యాప్‌లో పెట్టమన్నారు, పెట్టాను. ఆ మర్నాడు నా ఫోనుకు సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు, గోడ మీద ఉప్పు అలాగే ఉంది. పరిష్కారమైందని ఎవరు నిర్ణయించారు? ఆ రోజు మీ కాల్ సెంటర్‌లో మాట్లాడిన అబ్బాయి ఒక్కడే నాతో నిజం చెప్పాడు. నా ఫిర్యాదు ముగిసినట్టు తన తెర మీద ఉందని, దాన్ని మళ్ళీ తెరిచే అధికారం తనకు లేదని అన్నాడు. గొంతులో బెరుకు తెలుస్తూనే ఉంది. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. చిన్న ఉద్యోగిని ఫోను ముందు కూర్చోబెట్టి, చేతిలో ఏ అధికారమూ ఉంచని వాళ్ళ మీదే నా ఫిర్యాదు.

ఎట్టకేలకు ఒక సూపర్‌వైజరు వచ్చాడు. నేను విధుల్లో ఉన్న సమయం చూసి, ముందుగా చెప్పకుండా వచ్చాడు. మా నాన్నగారు తలుపు తీశారు. ఆ సూపర్‌వైజరు గది గుమ్మం దగ్గరే నిలబడి ఒక ఫొటో తీసుకుని, ఇదంతా సముద్రపు గాలి ప్రభావమని చెప్పాడు. మా నాన్నగారు విశాఖ పోర్టులో ఉద్యోగం చేసి పదవీ విరమణ చేశారు. సముద్రపు గాలికి ఏది ఎలా పాడవుతుందో జీవితమంతా చూసిన మనిషి. మచ్చలు పడింది లోపలి గోడ మీద, సముద్రం వైపు గోడ శుభ్రంగా ఉంది కదా అని ఆయన అడిగారు. "ఇవన్నీ మీకు అర్థం కావు పెద్దాయనా" అని చెప్పి ఆ సూపర్‌వైజరు బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట నేను మరిచిపోను. మా నాన్నగారు దాని గురించి మళ్ళీ ఎత్తలేదు, కానీ అప్పటి నుంచి మీ సంస్థ పేరు వినబడితే లేచి వెళ్ళిపోతున్నారు.

సముద్రపు గాలి కాదని మీ సంస్థకు తెలియదా? కొత్త సిమెంటు ప్లాస్టరులో నీరు, క్షారం ఉంటాయి. గోడ పూర్తిగా ఆరకముందే లప్పం పెట్టి రంగు వేస్తే లోపలి తేమ బయటికి వస్తూ లవణాలను మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగులుతుంది. తెల్లగోడ మీద అది ఎవరికీ కనబడదు, ముదురు రంగు మీద దాగదు. అందుకే మీ అంచనా పత్రంలో గోడల తేమ పరీక్ష అని విడిగా ఒక పద్దు రాసి, దానికి డబ్బు తీసుకున్నారు. మొదటి నుంచీ నేను అడుగుతున్నది ఆ పరీక్షలో వచ్చిన అంకె. రంగు వేసిన రోజున ఆ గోడలో తేమ ఎంత ఉంది? ఎవరు కొలిచారు? మీ పెయింటింగ్ విభాగం చెప్పలేదు, శాఖ మేనేజరు చెప్పలేదు, ప్రాంతీయ కార్యాలయం నా ఈమెయిలుకు జవాబే ఇవ్వలేదు. పరీక్ష చేసి ఉంటే ఆ కాగితం చూపించడానికి ఇంత కష్టమా? చేయకపోతే ఏ పనికి డబ్బు తీసుకున్నారు?

అన్నిటికీ మించినది మీ శాఖ మేనేజరు చివరిసారి ఫోనులో ఇచ్చిన సలహా. తెల్లరంగు వేయించుకుంటే మచ్చలు కనబడవట, కొత్త ఇంటికి శుభంగా కూడా ఉంటుందట, సగం ధరకు వేయిస్తారట. నా వృత్తి ఏమిటో, ఈ గది ఎందుకు కావాలో మీ కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది. ఆయన ఆ పేజీ చదవలేదు. చదివి ఉంటే ఆ మాట అనడానికి నోరు వచ్చేది కాదు. ఉప్పు గోడలో అలాగే ఉంటుంది, నా పనికి గది పనికిరాకుండా పోతుంది, దానికి మళ్ళీ నేనే డబ్బు ఇవ్వాలి.

ఇప్పుడు నా పని ఎలా సాగుతోందో కూడా వినండి. పడకగది కిటికీకి దుప్పటి కట్టుకుని, దుస్తుల అలమరా పక్కన మడత బల్ల వేసుకుని రిపోర్టులు రాస్తున్నాను. రాత్రి రెండు గంటలకు తలకు దెబ్బ తగిలిన మనిషి స్కాన్ వస్తుంది. అవతల డాక్టరు నా మాట కోసం ఎదురుచూస్తుంటారు. ప్రమాదకరమైనది కనబడితే రిపోర్టు రాసే వరకు ఆగను, ఫోను చేసి చెబుతాను. ఆ తర్వాత రిపోర్టు కింద నా పేరు, నా సంతకం ఉంటాయి. పొరపాటు జరిగితే అడగడానికి ఒక మనిషి ఉందని రోగికి, డాక్టరుకు తెలుసు. మీ దగ్గర 4 లక్షలకు పైగా తీసుకుని చేసిన గది గురించి ఒక్క వాక్యం కింద పేరు రాయడానికి మనిషి లేడు. మీ ఈమెయిళ్ళన్నీ 'కస్టమర్ కేర్ బృందం' అని ముగుస్తాయి. బృందాన్ని నేను ఎక్కడికి వెళ్ళి కలవాలి?

మా అమ్మానాన్నల వంటగది మీరే చేశారు. గాజువాకలో మా చెల్లెలి ఇంటి అలమరాలు మీరే చేశారు. తోటి డాక్టర్లను వెంటబెట్టుకుని మీ షోరూముకు తీసుకొచ్చింది నేను. మా వంటగది ఫొటోలు మీ ప్రచారానికి వాడుకుంటామంటే సంతోషంగా ఒప్పుకున్నాం, పైసా అడగలేదు. మీ సంస్థ విశాఖలో ఒక్క చిన్న షోరూముతో ఉన్న రోజుల్లో మేము మీ వినియోగదారులం. అప్పుడు మీ మేనేజరు స్వయంగా వచ్చి అమ్మ ఎత్తుకు తగ్గట్టు వంటగట్టు కొలిచి వెళ్ళారు. ఆ మర్యాద ఎక్కడికి పోయింది? ఇప్పుడు మాకు పండుగ ఆఫర్ల సందేశాలు తప్పకుండా వస్తున్నాయి, ఫిర్యాదుకు జవాబు మాత్రం రావడం లేదు. ఆ ఫొటోలను మీ ప్రచారం నుంచి వెంటనే తొలగించండి. మా ఇంటిని చూపించి ఇంకొకరిని నమ్మించే హక్కు మీకు ఇక లేదు.

మొదట గోడ బాగుచేస్తే చాలనుకున్నాను. తర్వాత పైకప్పు, దీపాలు కూడా సరిచేస్తే సరిపెట్టుకుందామనుకున్నాను. ఇప్పుడు ఆ సూపర్‌వైజరును మళ్ళీ మా గుమ్మం ఎక్కనివ్వడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కాబట్టి పని తెలిసిన వాళ్ళను పంపి రంగును గోడ దాకా గీకించి, పూర్తిగా ఆరాక మీ ఖర్చుతోనే మళ్ళీ వేయిస్తారో, ఆ గదికి తీసుకున్న డబ్బు వెనక్కి ఇస్తారో మీరే తేల్చండి. ఏది చేసినా తేమ పరీక్ష కాగితం నాకు అందాలి, మా నాన్నగారికి క్షమాపణ అందాలి. క్షమాపణ విషయంలో నేను తగ్గను.

నాకు చట్టం తెలియదని అనుకోకండి. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేను నివసించే చోటే, అంటే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే మీ మీద కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి రుసుము కూడా లేదు. డబ్బు తీసుకుని చేయవలసిన పని చేయకపోవడాన్ని ఆ చట్టం సేవా లోపం అంటుంది. మీరు యాప్ ద్వారా బుకింగులు తీసుకుంటున్నారు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నా ఫిర్యాదు విషయంలో ఆ రెండూ జరగలేదు. బిల్లులు, డ్రాయింగులు, ఫొటోలు, మీరు పరిష్కారమైందని పంపిన సందేశం అన్నీ భద్రంగా ఉన్నాయి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేసి, ఆ వెంటనే కమిషన్‌కు వెళ్తాను. నా పని పాడైన రాత్రులకు, మా నాన్నగారికి జరిగిన అవమానానికి పరిహారం కూడా అందులో అడుగుతాను. నేను మీ దగ్గరకు తీసుకొచ్చిన డాక్టర్లందరికీ ఈ లేఖ ప్రతిని పంపుతున్నాను.

దీనికి జవాబుగా కాల్ సెంటర్ నుంచి ఫోను చేయించవద్దు, నేను ఎత్తను. కాగితం మీద రాయండి. దాని కింద మీ సంస్థలో ఎవరో ఒక మనిషి పేరు, హోదా, సంతకం ఉండాలి.

ఇట్లు,
మీ సంస్థ పాత వినియోగదారు,
రేడియాలజిస్టు, మధురవాడ, విశాఖపట్నం

జతపరచినవి: అంచనా పత్రం, చివరి బిల్లు, డ్రాయింగు నకలు, గోడ ఫొటోలు. అసలు లేఖ స్పీడ్ పోస్టులో, ప్రతి ఈమెయిలులో.