మంగళవారం తొమ్మిది ఎవరి తొమ్మిది?

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. ఫోన్లో చెప్పబోతే "మీటింగ్ ఉందమ్మా" అని పెట్టేస్తున్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఇన్‌స్టాగ్రామ్‌లో మన మంగళగిరి చీరల పోస్టు పెట్టడానికి మంచి టైము ఏదని నువ్వు పంపిన పట్టిక చూశాను. మంగళవారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ముదురు రంగు గళ్ళు, ఆదివారానికి వచ్చేసరికి వెలిసిపోయిన గళ్ళు. ఆ తొమ్మిది ఏ ఊళ్ళో తొమ్మిదో, ఎవరి అకౌంట్లు చూసి లెక్క కట్టారో ఎక్కడా కనబడలేదు. బూట్లు అమ్మేవాళ్ళు, వార్తలు పెట్టేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు అందర్నీ కలిపి తీసిన సగటు అయ్యుంటుంది. మంగళగిరి చీర కొనే ఆవిడ అందులో ఎక్కడుంది? గుంటూరులోనో తెనాలిలోనో మంగళవారం తొమ్మిదింటికి ఆవిడ పిల్లలకి క్యారేజీలు కట్టి, ఆటో ఎక్కించి, తను బస్సు కోసం పరిగెడుతూ ఉంటుంది. ఫోను చేతిలో ఉన్నా చీర మీద కన్ను పడదు. మీ నానమ్మ రాహుకాలం దాటందే కొట్టు తాళం తియ్యదని నవ్వేదానివి. ఇప్పుడు ఈ పట్టిక నీకు ఆవిడ పంచాంగం అయి కూర్చుంది.

మన దగ్గర కొనేవాళ్ళని చూసి టైము పెట్టుకుందాం. ఇక్కడివాళ్ళలో టీచర్లు, బ్యాంకుల్లో చేసేవాళ్ళు, ఇంటిపట్టున ఉండేవాళ్ళు ఎక్కువ. వాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి చూస్తారు, రాత్రి గిన్నెలు కడిగి సీరియల్ అయిపోయాక తొమ్మిదిన్నర దాటి ఇంకోసారి చూస్తారు. లైకులు రాత్రివే ఎక్కువ. కానీ రేటు అడిగేది, "నాకు ఉంచండి" అనేది మధ్యాహ్నం చూసినవాళ్ళు. ఎందుకో నాకు తెలుసు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో పక్కన ఇంకో టీచరు ఉంటుంది, "ఈ అంచు బాగుందా" అని చూపించడానికి. రాత్రి పక్కన ఉండేది మొగుడు. ఆయన్ని అడిగితే "ఇప్పుడెందుకు" అంటాడు.

నువ్వు ఇన్‌సైట్స్‌లో (ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే లెక్కల్లో) చూపించే గీతలు కూడా ఆ రాత్రి గంటకే నిక్కి ఉంటాయి. అవి చెప్పేది మనవాళ్ళు ఎప్పుడు ఫోన్లో ఉన్నారన్నది మాత్రమే. కొనే ఉద్దేశంతో ఉన్నారో లేదో ఆ గీతకి తెలియదు. పైగా ఆ గీత చూసి చీరాల వాళ్ళూ, పోచంపల్లి వాళ్ళూ, ఉప్పాడ వాళ్ళూ అందరూ అదే గంటకి ఎగబడతారు. ఆ తోపులాటలో మన నిజాం బోర్డర్ చీర ఎవరి కంట పడుతుంది?

అమెరికా వాళ్ళ సంగతి వేరు. మనకి పొద్దున ఏడున్నరంటే వేసవిలో డల్లాస్‌లో ముందు రోజు రాత్రి తొమ్మిది, న్యూజెర్సీలో పది, కాలిఫోర్నియాలో ఏడు. పిల్లల్ని పడుకోబెట్టి సోఫాలో కూలబడే వేళ. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకి. మనది కదలదు కాబట్టి చలికాలంలో మన ఏడున్నరకి డల్లాస్‌లో ఎనిమిదే అవుతుంది, ఆ నెలల్లో ఎనిమిదిన్నరకి పెట్టు. రోజు కూడా తేడా వస్తుందని మర్చిపోకు. మన సోమవారం పొద్దున వాళ్ళకి ఇంకా ఆదివారం రాత్రే. నానమ్మ ఉంటే ససేమిరా ఒప్పుకునేది కాదు, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. డల్లాస్‌లో లేదులే, పెట్టెయ్. కువైట్‌లో ఉన్న కడప, గోదావరి వాళ్ళకి సెలవు శుక్రవారం. వాళ్ళు మనకంటే రెండున్నర గంటలు వెనక.

టైము గురించి ఇంత చెప్పాను కదా అని దానికి లేని బలం అంటగట్టకు. ఇన్‌స్టాగ్రామ్ 2010లో మొదలైనప్పుడు కొత్త ఫొటో పైన, పాతది కింద. అప్పుడైతే గంట తప్పితే పోస్టు అడుగున పడేది. 2016లో ఆ వరస మార్చేశారు. చూసే మనిషికి ఏది నచ్చుతుందో ఊహించి అది పైకి తెస్తున్నారు. ఆ కంపెనీ పెద్ద ఆడమ్ మొస్సేరి 2021లో రాసిన వివరణ చదివాను. పోస్టు ఎప్పుడు పెట్టారన్నది వాళ్ళు చూసే వాటిలో ఒకటి, అంతే. ఎవరు పెట్టారు, చూసేవాళ్ళకి వాళ్ళతో ఇదివరకు ఎంత మాటామంతీ ఉంది, అవీ లెక్కలోకి వస్తాయి. 2022లో వరసగా చూసుకునే వీలు మళ్ళీ ఇచ్చారుగానీ, అది వెతికి నొక్కేంత ఓపిక మనవాళ్ళలో ఎవరికుంది?

కాబట్టి అన్నిటికీ ఒకటే గంట పట్టుకుని వేలాడొద్దు. స్టోరీ బతికేది 24 గంటలు, దానికి వేళ చూసుకోవాల్సిందే. రీలు అలా కాదు, మనల్ని ఫాలో కానివాళ్ళకి కూడా రోజుల తరబడి చూపిస్తూ పోతుంది. దానికోసం గడియారం ముందు కూర్చోవడం దండగ. మగ్గం గుంటలో దిగి మామయ్య పావడి తొక్కుతున్న వీడియో ఏ వేళ పెట్టినా చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు.

నన్నడిగితే గంట కంటే ముందు చూడాల్సింది నెల. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఊరంతా తగ్గింపు బోర్డులే. మనం కూడా ఆ నెలంతా పాత స్టాకు తగ్గించి పెట్టి ఊరుకుంటే ఎలా? వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం. ఆ రోజు కట్టాలంటే చీర ఎప్పుడు చేతికి రావాలి? ఫాల్ కుట్టాలి, జాకెట్టు కుట్టాలి. శ్రావణం వచ్చేసరికి ఏ టైలరైనా "ఇక తీసుకోనమ్మా" అంటాడు. డల్లాస్ ఆవిడైతే జాకెట్టు ఇక్కడే కుట్టించి పంపమంటుంది, ఆపైన కొరియర్. అంటే వ్రతం చీరలు ఆషాఢం మధ్యలోనే కనబడాలి. వ్రతానికి మూడు రోజుల ముందు ఎంత మంచి గంట చూసి పెట్టినా లైకులు వస్తాయి, డబ్బులు రావు. సంక్రాంతికీ అంతే, ధనుర్మాసం మొదట్లోనే పండగ చీరలు చూపించు. మాఘంలో ముహూర్తాలున్న ఏడాది పెళ్ళిళ్ళలో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు కూడా అప్పుడే అడుగుతారు.

ఆగస్టు 7 సంగతి ఒకటి. 1905లో అదే రోజు స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి చేనేత దినోత్సవం చేస్తున్నారు. ఆ రోజు మంత్రుల దగ్గర్నుంచి హీరోయిన్ల దాకా అందరూ చేనేత కట్టుకుని ఫొటో పెడతారు. మన పోస్టు అందులో పడితే దొరకదు. ఆ రోజు మామయ్య వాళ్ళకి దండం పెడుతూ ఒక స్టోరీ చాలు. అమ్మకానికి పెట్టేవి రెండు మూడు రోజుల ముందే పెట్టేద్దాం. ఐపీఎల్ సాయంత్రాలు ఏడున్నర తరవాత కూడా వద్దు. ఆడవాళ్ళు చూడరనుకుంటున్నావేమో, మీ పిన్నిని అడుగు.

షెడ్యూలు చేసి వదిలెయ్యడం మాత్రం నాకు భయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మనం కొన్నాళ్ళు చీర పెట్టకుండా ఉన్నాం, గుర్తుందా? మన దగ్గర చీరలు కొన్నవాళ్ళు డాబాల మీద నీళ్ళ ప్యాకెట్ల కోసం చూస్తుంటే కింద పట్టు పావడా రీలు ఎగురుతుంటే ఏం బాగుంటుంది? రోజూ పొద్దున వార్తలు ఓసారి చూసి, అప్పుడు వరసలో ఉన్నవాటిని పోనివ్వు.

అంతమాత్రాన షెడ్యూలు మానెయ్యమనడం లేదు. మనది బిజినెస్ అకౌంటే కాబట్టి ఆ యాప్‌లోనే 75 రోజుల ముందు దాకా పెట్టుకోవచ్చని నువ్వే చెప్పావు. మరి అర్ధరాత్రి దాకా మేలుకుని చేత్తో ఎందుకు పెడుతున్నావు? ఆదివారం కూర్చుని వారానికి సరిపడా పెట్టేసి పడుకో. నువ్వు నిద్రపోతే వచ్చే "ప్రైస్ ప్లీజ్"లకి జవాబు ఎవరిస్తారనేగా? అందుకే మధ్యాహ్నం రెండు, పొద్దున ఏడున్నర అంటున్నాను. రెండు వేళల్లోనూ నేను మేలుకునే ఉంటాను. మధ్యాహ్నం కొట్లో ఈగలు తోలుకోవడమే పని, పొద్దున ఏడున్నరకి కాఫీ చేతిలో ఉంటుంది. అడిగిన గంటలో జవాబు వస్తేనే చీర కదులుతుంది, తెల్లారి చెబితే ఆవిడ ఇంకెక్కడో కొనేసి ఉంటుంది.

ఈ రెండు వేళలూ దసరా దాకా మార్చకుండా ఉంచు. ఒక రోజు ఆవపసుపు రంగు చీర మధ్యాహ్నం, ఇంకో రోజు నల్లది పొద్దున పెట్టి "అమ్మా, పొద్దునే బాగుంది" అనకు. అది వేళ గొప్పో, నలుపు గొప్పో ఎలా తెలుస్తుంది? ఒకే రకం చీరలు రెండు వేళల్లోనూ మార్చి మార్చి పెట్టు. లైకులు నువ్వు చూసుకో, రేటు అడిగిన మెసేజీలు, పార్సిళ్ళు నేను పుస్తకంలో రాస్తాను.

ఇంకొక్కటి. రేటు పోస్టు కిందే రాసెయ్. "వివరాలకు మెసేజ్ చేయండి" అని రాస్తే అర్ధరాత్రి చూసినావిడ మనం లేచేదాకా ఆగాలి. అంకె కళ్ళ ముందుంటే కొనేదీ లేనిదీ అప్పుడే తేల్చుకుంటుంది. కొత్త లాటులో చిలకాకుపచ్చ కుప్పడం చీరలు శుక్రవారం బస్సుకి పార్సిల్ వేస్తున్నాను, పగటి వెలుతురులో తియ్యి, ట్యూబులైటు కింద ఆ పచ్చ నీలంగా పడుతుంది.

ఆశీస్సులతో,
అమ్మ