చిన్నోడికి, మిర్యాలగూడ నుంచి

చిన్నోడా,

నువ్వు ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. మొన్న పోస్టాఫీసులో పనుండి పోయాను, కవరు కనబడితే కొన్నాను, అంతే. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే. కాలువకు నీళ్లు వదిలారు, నాట్లు పడుతున్నాయి.

యాదన్న కొడుకు ట్రాక్టర్ సామాన్ల కోసం హైదరాబాద్ పుత్లీబౌలీ పోతే నువ్వు కనబడ్డావట. మంగళవారం, పొద్దున పదకొండింటికి. చేతులకు గ్రీజు, చంకలో సైలెన్సర్. పిలిస్తే వినిపించుకోలేదట. ఆ రోజు పండగేమైనా ఉందేమోనని క్యాలెండర్ చూశాను. ఏమీ లేదు. సరేలే, బండి పనులుంటాయి.

మన పాత యెజ్డీ మోటార్‌సైకిల్ ట్యాంకు లోపల తుప్పు ఉంటుంది. పాత నట్లు గుప్పెడు వేసి, వెనిగర్ పోసి ఒక రోజు ఉంచి, బాగా ఊపు. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఎండబెట్టు. తడి ఉంటే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లు పడి ఉంటే మాత్రం, ఖాళీ ట్యాంకే కదా అని ఊరికే వెల్డింగ్ పెట్టించకు. పెట్రోలు అయిపోయినా ఆవిరి లోపలే ఉంటుంది, బాంబులా పేలుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్లలో సూది పెట్టి పొడవకు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే పెట్రోలు తాగేస్తుంది. గాలి కొట్టించు. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, కంటితో చూసి కాదు, గేజ్ పెట్టి.

దాన్ని వింటేజ్ బండి అని అందరికీ చెబుతున్నావట. అది 86 మోడల్ రా. కేంద్రం 2021లో తెచ్చిన రూలు ప్రకారం యాభై ఏళ్లు దాటితేనే వింటేజ్, అప్పుడే ఆ 'వీఏ' నంబరు ప్లేటు. మన బండికి 2036 రావాలి. కొత్తగా ఆ రిజిస్ట్రేషన్ చేయించాలంటే 20,000 రూపాయలు. నెలనెలా జీతం పడేవాడికి అదో లెక్క కాదులే.

గీజర్ కూడా నువ్వే విప్పి బాగుచేశావని కోడలు అమ్మకు చెప్పింది. బుధవారం మధ్యాహ్నమట. మధ్యాహ్నం ఇంట్లో ఎలా ఉన్నావని నేను అడగలేదు. గీజర్ ముట్టుకునే ముందు మెయిన్ ఆపు. ఆపినా టెస్టర్ పెట్టు. ఎర్త్ ఉందో లేదో చూడు, అద్దె ఇళ్లలో ఉత్త తీగ వేలాడదీసి వదిలేస్తారు. ఫ్యాను కెపాసిటర్ స్విచ్చి ఆపాక కూడా కొడుతుంది. ముప్ఫై ఏళ్లు మిల్లులో ఫిట్టర్‌గా చేసిన నా చూపుడు వేలు ఎట్లా ఉందో చూశావు కదా. చెప్పులు వేసుకునే చెయ్యి. సలహాలు రాయొద్దనే కూర్చున్నాను, ఇదిగో ఇట్లా అయింది.

నీకెప్పుడూ చెప్పని ముచ్చట ఒకటుంది. నువ్వు పుట్టకముందు ఒక ఏడు కాలువకు నీళ్లు రాలేదు. వడ్లు లేవు, మిల్లు మూశారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి టిఫిన్ డబ్బా కట్టించుకుని, ఈ యెజ్డీ మీదే వాడపల్లి పోయేవాణ్ణి. కృష్ణలో మూసీ కలిసే దగ్గర వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. పొద్దు పోవాలి కదా, కార్బొరేటర్ విప్పి తుడిచి మళ్లీ బిగించేవాణ్ణి. బాగున్న బండినే విప్పేవాణ్ణి. నెల రోజులు అట్లాగే గడిచింది. ఒకనాడు మెయిన్ జెట్ చేతిలోంచి జారి ఇసుకలో పడింది. వేలి గోరంత ముక్క. జల్లెడ లేదు, తువ్వాలతో ఇసుక జల్లాను. చీకటి పడింది, దొరకలేదు. బండిని తోసుకుంటూ రోడ్డెక్కితే, ఊక లారీ వాడొకడు దయతలిచి వెనక ఎక్కించుకున్నాడు. ఇల్లు చేరేసరికి పది. మీ తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి నిండా ఊక, చేతుల నిండా గ్రీజు, ఏం అబద్ధం చెప్పాలా అని నేను చూస్తున్నా. ఆయన చుట్ట పక్కన పెట్టి, "మిల్లు మూసినట్టు మొదటి వారమే తెలిసింది, పో, కాళ్లు కడుక్కో, అన్నం తిను" అన్నాడు. మీ అమ్మకూ తెలుసట. తెలిసే రోజూ డబ్బాలో రెండు జొన్న రొట్టెలు ఎక్కువ పెట్టింది. నేనేమో ఆకలికి తినేసి, ఎందుకు ఎక్కువ పెడుతోందని అడగనే లేదు.

ఇది ఎందుకు రాశానో నాకే తెలియదు. జెట్ మాట వచ్చిందని రాశాను.

బుజ్జికి కిక్కూ గేరూ ఒకే రాడ్డని చూపించావట, బడిలో అందరికీ చెప్పిందట. బండి దగ్గర ఆడుకునేటప్పుడు సైలెన్సర్ వేడి చూసుకో. నువ్వూ గోళ్లలో గ్రీజు పోయేదాకా సబ్బు పెట్టి కడుక్కుని తిను. రాత్రి పెందలాడే పడుకో.

నా ఫీలర్ గేజ్, రింగ్ పానాల సెట్టు, అమ్మ పట్టిన మామిడికాయ తొక్కు ఒక డబ్బాలో సర్దాను. యాదన్న కొడుకు మళ్లీ మంగళవారమే వస్తున్నాడు, పదకొండింటికి మీ ఇంట్లో ఇస్తాడు. ఆ టైముకు నువ్వు ఇంట్లో ఉంటావో, ఆఫీసులో ఉంటావో ఫోను చేసి చెప్పు. ఏదైనా పరవాలేదు.

మీ నాయన