విద్యుత్ ఇంజినీర్ల శిక్షణ స్తంభం కిందికి రావాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

విద్యుత్ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా కనీసం వారం రోజుల శిక్షణ ఉండాలని కేంద్రం 2002 నాటి జాతీయ శిక్షణ విధానంలోనే చెప్పింది. లైన్ల నిర్వహణ చూసే ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు శిక్షణ పొంది ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010లో చెప్పాయి, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ అదే చెబుతున్నాయి. అంటే శిక్షణ ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. ఇక తేలవలసింది ఎక్కడ, ఏం నేర్పాలన్నదే. హాల్లో రెండు రోజులు స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడితే, 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ మీదికి మనిషిని ఎక్కించే ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు, కావలసిన పట్టు రాదు.

ఎల్‌సీ, అంటే పని కోసం లైన్‌లో సరఫరా ఆపి ఇచ్చే ‘లైన్ క్లియర్’ అనుమతి సంగతే చూడండి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీశారు, ఫోన్లో చెప్పారు, లైన్‌మ్యాన్ ఎక్కేశాడు. ప్రాణాలు పోయేది ఇక్కడే. బ్రేకర్ తీశాక లైన్‌ను పూర్తిగా విడదీసే ఐసొలేటర్ తెరవాలి, తాళం వేయాలి, బోర్డు తగిలించాలి. స్తంభం మీది ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి వచ్చిందని ఊరుకోకుండా మూడు బ్లేడ్లూ విడివడ్డాయో లేదో తలెత్తి చూడాలి. తుప్పు పట్టిన స్విచ్‌లో ఒక బ్లేడు అతుక్కునే ఉండిపోతుంది. తర్వాత వోల్టేజ్ డిటెక్టర్‌తో పరీక్షించాలి. ఆ డిటెక్టర్ పనిచేస్తోందో లేదో ముందు ఛార్జ్‌లో ఉన్న లైన్ దగ్గర చూసుకోవాలి. తీగను ఎర్త్‌కు కలిపే డిశ్చార్జ్ రాడ్‌కు మొదట ఎర్త్ వైపు క్లాంపు బిగించి, ఆ తర్వాతే తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ, చివర్న ఎర్త్. మూడు ఫేజులకూ, పని జరిగే చోటికి రెండు వైపులా.

రెండో వైపు ఎందుకని అడిగే కుర్ర ఇంజినీర్లు ఉంటారు. అడగాలి కూడా. కల్యాణ మండపంలో జనరేటర్‌ను లైన్ నుంచి వేరుచేసే చేంజోవర్ స్విచ్ సరిగా లేదనుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) ఫ్యూజులు తీయకుండా వదిలేస్తే ఆ కరెంటు 433 వోల్టుల వైపు నుంచి ఎక్కి, హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి) వైపు 11 వేల వోల్టులై నిలబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనుకా తెలియదు. గ్రామ సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్లకు ఈ మాట చెప్పవలసింది ఏఈయే. తన చేత్తో రాడ్ వేయని ఏఈ వాళ్లకేం నేర్పుతాడు?

ఇప్పుడు మేడల మీద సోలార్ వచ్చింది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక పనితో పాటు ఫిర్యాదులూ మారాయి. గ్రిడ్ పోయాక ఇన్వర్టర్ రెండు సెకన్లలో ఆగిపోవాలి. కనెక్షన్ ఇచ్చే రోజునే మెయిన్ ఆపి, గడియారం పట్టుకుని చూడాలి. ఇక మధ్యాహ్నం వోల్టేజి పెరిగి ఇన్వర్టర్లు ట్రిప్ అవుతున్నాయంటారు. ఎల్‌టీలో ఆరు శాతం వరకే తేడా ఉండవచ్చు, అంటే 230కి దాదాపు 244 దాటకూడదు. వీధిలోని సింగిల్ ఫేజ్ సోలార్లన్నీ ఒకే ఫేజు మీద పడితే చివరి ఇళ్ల దగ్గర అది దాటుతుంది. ముందు వాటిని మూడు ఫేజులకూ పంచాలి. తొందరపడి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మార్చే ట్యాప్ తగ్గిస్తే, రాత్రి ఎనిమిదికి ఏసీలన్నీ నడిచేటప్పుడు అవే ఇళ్లలో వోల్టేజి పడిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకూ రాత్రి ఎనిమిదికీ రెండు రీడింగులు తీసుకోనిదే ట్యాప్ ముట్టుకోకూడదని నేర్పాలి.

ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడానికీ ఇలాంటి అలవాట్లే కారణం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎల్‌టీలో ఫేజుకు 133 ఆంపియర్లు, హెచ్‌టీలో 5.25 ఆంపియర్లు ఫుల్ లోడు. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌తో చూస్తే ఒక ఫేజులో 160, ఇంకో ఫేజులో 70 ఉంటుంది, సగటు చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. ఫ్యూజు పోయిన ప్రతిసారీ అల్యూమినియం తీగ పోగులు చుడితే ఇక అది ఫ్యూజే కాదు. న్యూట్రల్ జాయింటు వదులై తెగితే తక్కువ లోడున్న ఫేజులోని ఇళ్లకు 300 వోల్టులు దాటి వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి. వర్షాకాలంలో ఎర్త్ రీడింగ్ చక్కగా వస్తుంది. మే నెలలో నేల బీటలు వారి ఎర్త్ పైపు నుంచి మట్టి విడిపోతుంది. కొలవవలసింది అప్పుడు. ఎర్త్ టెస్టర్ కరెంటు కడ్డీని 30 మీటర్ల దూరాన పాతితే వోల్టేజి కడ్డీ 18, 19 మీటర్ల దగ్గర ఉండాలి. దాన్ని అటూ ఇటూ రెండు మీటర్లు జరిపినా రీడింగ్ దాదాపు మారకపోతేనే నమ్మాలి. రిజిస్టర్‌లో పాత అంకె చూసి ఎక్కించే అలవాటు పోవాలంటే ప్రతి ఒక్కరి చేతా ఒక్కసారైనా కొలిపించాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ నీట మునిగింది. మునిగిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ ఛార్జ్ చేసే ముందు అడుగు వాల్వు నుంచి నీరు తీయాలి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడాలి, ఆయిల్ బీడీవీ (ఎంత వోల్టేజిని తట్టుకుంటుందో) చూడాలి. 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో 30 కేవీకి తగ్గితే ఫిల్టర్ చేయక తప్పదు. ఎల్‌టీ తీసేసి ఛార్జ్ చేశాక ఒక్కో ఫీడరే ఇవ్వాలి. విజయవాడ ఇంజినీర్లందరికీ ఇది కంఠతా వచ్చి ఉండాలి.

ఇందుకు కొత్త భవనాలు అక్కరలేదు. ఏదైనా 33/11 కేవీ సబ్‌స్టేషన్ పక్క ఖాళీ జాగాలో ఛార్జ్ లేని రెండు స్పాన్ల (స్తంభాల మధ్య నిడివి) లైను, ఏబీ స్విచ్, పాత 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, తీసేసిన బ్రేకర్ ప్యానెల్ ఒకటి, రిలే టెస్ట్ కిట్, మెగ్గర్, ఎర్త్ టెస్టర్ చాలు. బ్యాచ్‌కు పన్నెండు మంది, ఐదు రోజులు. ఎంఆర్‌టీలో (మీటర్లు, రిలేల పరీక్షా విభాగంలో) పనిచేసి రిటైరైన ఇంజినీర్లు, సీనియర్ లైన్ ఇన్‌స్పెక్టర్లు నేర్పాలి. చివరి రోజు ఎవరికి వారు ఒంటరిగా ఎల్‌సీ తీసుకుని, రాడ్లు వేసి, తీసి చూపాలి. సరిగా చేయలేనివారు నెలలోపు మళ్లీ రావాలి. తుపాన్లు వెళ్లాక, వేసవి లోడు ఎక్కకముందు, అంటే డిసెంబరు, జనవరి నెలల్లో పెడితే మేలు.

ఒక్క చిన్న షరతు. ఆ ఐదు రోజులూ సెక్షన్ బాధ్యతను పక్క ఏఈకి రాతపూర్వకంగా అప్పగించి, ఆఫీసు ఫోను కూడా ఆయనకే ఇవ్వాలి. ఫీడర్ ట్రిప్ అయిందని నిమిషానికో ఫోను మోగుతుంటే రాడ్ పట్టుకున్న చేతికి ఏ పనీ అలవడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు,
గుంటూరు