పూలు చూడాలంటే తల పైకెత్తాలి: కేబీఆర్ పార్కు నడక గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మార్చి రెండో శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లలను జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు తీసుకెళ్తున్నాం. అడవిచెట్ల పూత చూడటానికి. డైరీలో ఈ మాట రాసి పంపిన సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. యాన్యువల్ పరీక్షల టెన్షన్‌లో ఇదెందుకండీ, సెలవుల్లో పెట్టుకోవచ్చు కదా అని ఎక్కువమంది అడిగారు. పెట్టుకోలేం. మోదుగ పూసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఏప్రిల్ చివర సెలవులిచ్చేసరికి ఆ కొమ్మలకు కాయలు వేలాడుతుంటాయి. రెండో శనివారం కాబట్టి క్లాసులేమీ పోవు. ఒకటి రెండు పీరియడ్లు పోయినా నేను పెద్దగా బెంగపడేదాన్ని కాదు, ఆ సంగతి వేరు.

కేబీఆర్ పార్కు అంటే చాలామందికి వాకింగ్ ట్రాక్, బయటి ట్రాఫిక్ గుర్తొస్తాయి. లోపల ఉన్నది అడవి. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో 1998లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దక్కనులో వేసవికి ఆకు రాల్చే అడవి ఎలా ఉంటుందో, బండరాళ్లతో సహా, నగరం మధ్యలోనే చూడొచ్చు. అంతా పచ్చగా ఉంటుందని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకండి. మార్చిలో చాలా చెట్లు మోడుల్లాగే కనిపిస్తాయి.

క్యాలెండర్ బొమ్మల్లో వసంతమంటే నేలంతా పూలు పరిచి ఉంటాయి. చలిదేశాల అడవుల్లో అది నిజమే. అక్కడ పెద్ద చెట్లు చిగురించి నీడ కమ్మేలోపే కింది మొక్కలు గబగబా పూసేస్తాయి. మన దగ్గర నేల మీది పూల కాలం వానలతో వస్తుంది. గునుగు, తంగేడు బతుకమ్మ నాటికి విరగబూసేది అందుకే. వసంతం మాత్రం చెట్లది. ఆకులన్నీ రాలిన కొమ్మల మీద పూలు తప్ప మరేమీ ఉండవు. ఎండాకాలం ఆకులను మోయాలంటే బోలెడు నీరు కావాలి కాబట్టి ముందే వదిలించుకుంటాయి. అడ్డం లేకపోవడంతో పూలు దూరంలో ఎగిరే పక్షికి కూడా కనిపిస్తాయి. తొలకరి పడేలోపు గింజ నేలకు చేరిపోతుంది.

నడకలో ఎక్కువసేపు మోదుగ దగ్గరే ఆగాలని మా ఆలోచన. నల్లగా, ముఖమల్‌లా ఉండే తొడిమల్లోంచి నారింజరంగు పూలు వస్తాయి. రేకుల్లో ఒకటి చిలుక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. వాసన చూడమంటే పిల్లలు నిరాశపడతారు, దాదాపు ఏమీ ఉండదు. సన్నజాజి తెల్లగా ఉండి రాత్రంతా ఘుమఘుమలాడుతుంది కదా, ఇంత రంగున్న మోదుగకు వాసనెందుకు లేదు? జవాబు చెప్పొద్దని మా టీచర్లకు చెప్పాను, మీరూ చెప్పకండి. చెట్టు కింద పది నిమిషాలు కదలకుండా నిలబడి, ఎవరెవరు వచ్చి తేనె తాగుతున్నారో పుస్తకంలో రాసుకుంటే వాళ్లకే తెలుస్తుంది. తేనెపిట్టలు, గోరింకలు, ఉడతలు కూడా రావచ్చు. హోలీకి ఈ పూలు మరిగించి రంగు చేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే ఆ కబుర్లు ముందే చెప్పించండి.

వేప కూడా ఉగాది దగ్గర పడేకొద్దీ పూతకొస్తుంది. మన పిల్లల్లో చాలామంది వేపపువ్వును పచ్చడి గిన్నెలో తప్ప చూసి ఉండరు. సీతాఫలం పొదలు బోలెడు. ఆ పండు తెలియని పిల్లలుండరు, పువ్వు చూసిన పెద్దలు కూడా తక్కువే. ఆకుపచ్చగా, మూడు దళసరి రేకులతో తలవంచుకుని ఉంటుంది. ఇప్పుడు పూత ఉండదు కానీ చెట్టును గుర్తుపట్టి పెట్టుకుంటే ఎండాకాలం చివర వెతుక్కోవచ్చు. ఫొటోలకు అందరూ ఎగబడేది మాత్రం లంటానా దగ్గర. దాని చిన్న పూలు పసుపుగా విచ్చి, వయసైనకొద్దీ ఎరుపుకు తిరుగుతాయి. చూడముచ్చటగానే ఉంటుంది కానీ అమెరికా ఖండం నుంచి తోటల కోసం తెచ్చిన ఈ మొక్క మన అడవుల్లో ఇతర మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది. ఆ సంగతీ అక్కడే చెబుతాం.

జాతీయ ఉద్యానంలో పువ్వు కాదు, ఆకు కూడా కోయకూడదు. రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని చూసి అక్కడే పెట్టేయాలి. నెమళ్లకు బిస్కెట్లు వేయకూడదు. తేనెపట్లు ఉండొచ్చు కాబట్టి ఆ రోజు సెంటు, బాడీ స్ప్రే వద్దు. అరుపులూ వద్దు. బాట దిగి పొదల్లోకి వెళ్లకూడదు. బూట్లు, పూర్తి ప్యాంటు, టోపీ, స్టీలు సీసాలో నీళ్లు, ఒక నోట్‌బుక్, పెన్సిల్ చాలు. ఫోన్లు పంపకండి. అత్యవసరానికి టీచర్ల దగ్గర ఉంటాయి.

బస్సు ఉదయం ఆరింటికి బడి దగ్గర బయల్దేరుతుంది. నడక రెండు గంటలు, ఎండ ముదిరేలోపు వెనక్కి వచ్చేస్తాం. ఉబ్బసం, తేనెటీగల అలర్జీ ఉన్న పిల్లల వివరాలు, మందులతో సహా, క్లాస్ టీచర్‌కు ముందే రాసివ్వండి. సమ్మతి పత్రం ఈ గురువారంలోగా అందాలి. బస్సులో కొన్ని సీట్లు మిగిలాయి. ఊళ్లో పెరిగి చెట్ల పేర్లు తెలిసిన అమ్మమ్మలు, తాతయ్యలు రాగలిగితే వాటిని వారికే ఇస్తాం, దయచేసి పత్రం వెనక వారి పేరు రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు