ఒంట్లో బాగున్నప్పుడే కుక్కను డాక్టరుకు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారన్న వార్త మీ విశాఖ పేజీలో చూశాను. 1885లో అదే రోజున పాశ్చర్ ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేశాడు కాబట్టి ఆ తేదీ పెట్టారు. ఏటా మీరు ఆ వార్త వేస్తారు, ఏటా నేనూ మా కుక్క మణిని తీసుకుని వెళ్లేవాణ్ని. వరుసలో నిలబడి, సూది వేయించి, కార్డు మీద రాయించుకుని ఇంటికొచ్చేవాణ్ని. ఇక ఏడాదిదాకా బెంగ లేదనుకునేవాణ్ని. తొమ్మిదేళ్లు అలాగే అనుకున్నాను.

మణి 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను వెళ్లిన నాలుగో రోజున మా మర్రిపాలెం వీధిలో కూలిన బాదం చెట్టు కింద దొరికింది. అప్పుడు కరెంటు లేదు, పాల ప్యాకెట్ దొరకడమే గగనం. మా ఆవిడ గంజి కాచి, దూదితో తడిపి నోట్లో పిండి బతికించింది. నాటు కుక్క, గట్టి ప్రాణం. అందుకే దానికి పెద్ద జబ్బు చేస్తుందన్న ఆలోచనే మాకు రాలేదు.

2024 మార్చి నుంచి నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. పెరట్లో మట్టి మూకుడు రోజుకు ఒకసారి నింపేది రెండుసార్లయింది, తర్వాత మూడుసార్లయింది. వైజాగ్ ఉక్క కదా, దాహమనుకున్నాం. రాత్రిపూట బయటికి వదలమని లేపేది. మెడ పట్టీ వదులైతే సాగిందనుకుని ఒక కన్నం లోపలికి బిగించాను. సాగింది పట్టీ కాదు, చిక్కింది కుక్క. ఏప్రిల్ చివర్లో వాంతులు మొదలయ్యాక ఆస్పత్రికి పరిగెత్తాం. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా పెరిగి ఉంది. కిడ్నీల్లో ముప్పావు వంతు దెబ్బతినేదాకా ఆ అంకె పెరగదని, మూత్రం చిక్కదనం చూస్తే అంతకంటే కొంచెం ముందే అనుమానం వచ్చేదని డాక్టరుగారు చెప్పారు. ఐదు వారాలు సెలైన్లు పెట్టించాం. మే నెలాఖరున పోయింది.

ఇంకో మాట కూడా అడిగారాయన. "ఇదివరకు పిడుదుల జ్వరం ఏమైనా వచ్చిందా?" అని. వచ్చింది, 2019లో. అప్పుడు ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు వేయమన్నారు. పదో రోజుకు అన్నం తిని గెంతుతోంది కదా అని నేనే ఆపేశాను. జ్వరం తగ్గినా దాన్ని తెచ్చిన క్రిమి ఒంట్లో నెలలు, ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండిపోతుందట, కిడ్నీలను కూడా దెబ్బతీయవచ్చట. మణికి అదే కారణమని ఆయన తేల్చి చెప్పలేదు, కావచ్చన్నారు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

నేను ముప్పై నాలుగేళ్లు రైల్వే డీజిల్ షెడ్‌లో పనిచేశాను. ఇంజిన్ ఆగిపోయాక తెచ్చే షెడ్ కాదది. బాగా నడుస్తున్న ఇంజిన్నే షెడ్యూలు ప్రకారం లోపలికి తెస్తారు. ఆయిల్ శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపేవాళ్లం. అందులో రాగి, సీసం ఎక్కువ కనిపిస్తే లోపల బేరింగ్ అరుగుతోందని తెలిసేది. బయటికి చప్పుడు రాకముందే దాన్ని మార్చేసేవాళ్లం. ఆ పద్ధతి వల్ల ఎన్ని బళ్లు దారిలో ఆగిపోకుండా ఉన్నాయో నాకు తెలుసు. ఇంట్లో తొమ్మిదేళ్లు తిరిగిన ప్రాణికి మాత్రం ఒక్కసారైనా, బాగున్న రోజున, రక్తం తీయించలేదు.

నిరుడు మా అమ్మాయి ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చింది, రెండు నెలలది. లచ్చి అని పేరు పెట్టాం. ఈసారి మొదటి రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బాగున్న కుక్కను అరగంట సేపు చూడటం నేను అప్పుడే చూశాను. ముందు తూకం వేశారు. నులిపురుగుల మందు మోతాదు బరువును బట్టే ఇవ్వాలి, మేమేమో మణికి కళ్లతో అంచనా కట్టి పోసేవాళ్లం. పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూశారు. చెవుల్లో లైటు వేశారు, దవడ కింద గడ్డలు తడిమారు, గుండె విన్నారు, పొట్ట నొక్కి చూశారు. టెంపరేచరు 101.5 ఉంది. మనకైతే జ్వరం, కుక్కకు అదే మామూలు. చేత్తో పట్టుకుని వేడిగా ఉందని మన పారాసిటమాల్ బిళ్లలు వేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. దయచేసి వేయకండి, అది కుక్కలకు విషమవుతుంది. మలం కొంచెం తెమ్మని, మైక్రోస్కోపులో పెట్టి పురుగుల గుడ్లను నాకే చూపించారు.

పార్వో (కుక్కపిల్లలకు రక్తవిరేచనాలు తెచ్చే జబ్బు) టీకా ఒకటి వేయించి సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా సరిగా పట్టదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లలో ఒక్కో రకం. అందుకే నాలుగు నెలల వయసు దాకా మూడు నాలుగు వారాలకొకసారి వేస్తారు. మా ఎదురింటివాళ్లు రెండోది ఎగ్గొట్టారు. వాళ్ల కుక్కపిల్ల రక్తవిరేచనాలతో నాలుగు రోజుల్లో పోయింది. ఇంకొందరు మందుల షాపులో టీకా కొని, ఎండలో క్యారీ బ్యాగులో తెచ్చి వేయిస్తారు. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వేడెక్కితే సూది నొప్పే మిగులుతుంది.

మన ఊరికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇక్కడి ఉక్కకు పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి. కుక్క మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగి రాలిపడ్డ ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. నేను పెరటి గోడ పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాను, లచ్చికి పిడుదుల మందు తేదీ తప్పకుండా వేస్తున్నాను. వానాకాలంలో గెడ్డలు పొంగి నీళ్లు వీధుల్లోకి వస్తాయి. ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే ఎలుక జ్వరం కుక్కకూ వస్తుంది, దాన్నుంచి మనకూ రావచ్చు. దానికీ ఏటా వేసే టీకా ఉంది.

"కుక్కకి బాగానే ఉంది కదండీ, ఆస్పత్రెందుకు?" అని లచ్చిని తీసుకెళ్తుంటే అడుగుతారు. బాగుంది కాబట్టే అంటాను. కుక్కకు ఏడాదంటే మనకు అయిదారేళ్లు గడిచినట్టు. ఏడాదికొకసారి, ఏడేళ్లు దాటాక ఆరు నెలలకొకసారి చూపించి, రక్తం, మూత్రం పరీక్ష చేయించమన్నారు డాక్టరుగారు. ఆ పరీక్షలన్నీ కలిపినా మణికి చివరి ఐదు వారాల్లో అయిన ఖర్చులో చిన్న ముక్క.

టీకా శిబిరాల్లో పనిచేసేవాళ్లను నేను తప్పు పట్టడం లేదు. గంటల తరబడి నిలబడి వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు ఉండదు, ఆ టీకా ప్రతి కుక్కకూ పడాల్సిందే. నేను అడిగేది, అక్కడే ఒక తూకం యంత్రం పెట్టమని, పెదవి ఎత్తి పళ్లు, చిగుళ్లు చూసి బరువుతో సహా కార్డు మీద రాయమని. పక్క జిల్లాలో, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులను ఆ ఒక్క రోజుకు పిలిపిస్తే చేతులు సరిపోతాయి. సెప్టెంబరు 28న రేబిస్ దినం ఎలాగూ ఉంది, గాజువాక, పెదగంట్యాడ వైపు వాళ్ల కోసం ఆ రోజున మలపరీక్ష కూడా పెట్టవచ్చు.

మీ పత్రిక కూడా వచ్చే ఏడాది ఆ వార్త వేసేటప్పుడు కింద రెండు వాక్యాలు చేర్చండి. ఒకటి, టీకా వేసిన రోజున కుక్క బరువు కార్డు మీద రాయించుకోమని. రెండోది, మామూలు కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంటే ఎండకే అనుకోవద్దని.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం