డిస్‌ప్లే చెడిపోలేదు, మేమిచ్చిన కోడే తప్పు

తిరుపతిలో మా కొట్టులో ఈ మధ్య 1.3 అంగుళాల ఓలెడ్ డిస్‌ప్లే (చిన్న తెర) ఉన్న ఆర్డుయినో కిట్, అంటే కోడ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కిట్, కొన్నవాళ్లకు ఈ మాట. మీ డిస్‌ప్లే చెడిపోలేదు, వైరింగ్‌లోనూ తప్పు లేదు. కిట్‌తో పాటు మేమిచ్చిన కాగితంలోని కోడ్‌లో లైబ్రరీయే (డిస్‌ప్లేను నడిపే రెడీమేడ్ కోడే) తప్పు.

పోయిన వారం ఒక డిప్లొమా కుర్రాడు వైర్లు పెట్టిన బ్రెడ్‌బోర్డు అలాగే పట్టుకొచ్చాడు. తెరంతా ఇసుక చల్లినట్టు చుక్కలు, ఒక్క వరుసలో మాత్రం ఏవో గీతలు కదులుతున్నాయి. "అన్నా, వైర్లన్నీ నాలుగుసార్లు పీకి పెట్టినా. ఎల్లుండే రివ్యూ" అన్నాడు. తప్పు నాదని అర్థమయ్యేసరికి చాలా బాధేసింది.

ఇంతకుముందు 0.96 అంగుళాలవి అమ్మేవాళ్లం. వాటిలో తెరను నడిపే చిప్ ఎస్‌ఎస్‌డి1306. స్టాక్ అయిపోతే పెద్దవి తెప్పించి, పాత కాగితమే పెట్టి ప్యాక్ చేశాం. వీటిలో ఉన్నది ఎస్‌హెచ్1106. చూడ్డానికి అవే నాలుగు పిన్నులు. ఐ2సి అడ్రస్, అంటే బోర్డు డిస్‌ప్లేను గుర్తుపట్టే నంబరు, కూడా అదే, 0ఎక్స్3సి. ఆ అడ్రస్ వెతికే స్కానర్ ప్రోగ్రాంలో అది రాగానే సరే అనుకున్నా. తెర మీద ఒక్క అక్షరం వేసి చూసుంటే అప్పుడే బయటపడేది. పాత చిప్‌కు బొమ్మ మొత్తం, అంటే 1024 బైట్లు, వరసగా పంపేస్తే చాలు, ఒక వరుస నిండగానే తనే తర్వాతి వరుసకు వెళ్తుంది. ఎస్‌హెచ్1106 వెళ్లదు. ఎనిమిది వరుసల్లో ప్రతిదాని నంబరూ కోడే చెప్పాలి. పైగా దాని మెమరీ వెడల్పు 132 చుక్కలు, తెర 128. అందుకే కొన్ని లైబ్రరీలతో అంతా బాగానే వచ్చి, అంచున రెండు గీతలు మాత్రం చెత్తగా ఉండిపోతాయి.

కొత్త కోడ్ యు8జి2 లైబ్రరీతో రాశాం. కుర్రాడి బోర్డులో ఎక్కించగానే అక్షరాలు స్పష్టంగా వచ్చాయి. ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డులో ర్యామ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడే మెమరీ) 2048 బైట్లే. పాత లైబ్రరీ అందులో సగం బొమ్మకే తీసుకునేది, అదీ ప్రోగ్రాం నడవడం మొదలయ్యాక, కాబట్టి కోడ్ ఎక్కించే ముందు కంప్యూటర్ చూపించే మెమరీ లెక్కలో కనపడదు. యు8జి2 పేజీ పద్ధతికి, అంటే ఒక్కో వరుసే గీసే పద్ధతికి, 128 బైట్లు చాలు. ఎనిమిది ముక్కలుగా గీస్తుంది కాబట్టి కాస్త నెమ్మది. మామిడి గోదాంలో ఉష్ణోగ్రత చూపించడం లాంటి పనులకు ఆ నెమ్మది అడ్డే కాదు.

చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వాళ్లు బస్సెక్కి రానక్కర్లేదు, వాట్సాప్‌లో అడిగితే కోడ్ పంపిస్తాం. చిన్న డిస్‌ప్లేనే కావాలంటే బిల్లు లేకపోయినా మార్చిస్తాం, కొరియర్ ఖర్చు మాదే. బ్లూటూత్ మాడ్యూల్ 0, 1 పిన్నులకు పెట్టినవాళ్లు కోడ్ ఎక్కించేటప్పుడు దాన్ని తీసేయండి. యూఎస్‌బీ కూడా ఆ పిన్నులే వాడుతుంది. పాత కాగితంలో ఇదీ రాయలేదు, కొత్తదాంట్లో మొదటి లైనులోనే పెట్టాం.